సంశయవాదులతో క్రైస్తవ విశ్వాస సమర్థన: సంభాషణ పద్ధతులు

నమ్మనివారు ప్రశ్నలు వేసినప్పుడు క్రైస్తవ విశ్వాసానికి కారణాలు చెప్పి నిలబడే పనిని విశ్వాస సమర్థన అంటారు. తెలుగు సంఘాల్లో యువకులు దీన్ని అపోలోజెటిక్స్ అనే పిలుస్తున్నారు. ప్రసంగంలో బోధకుడు చెబుతాడు, సంఘం వింటుంది. సమర్థనలో ఎదుటి మనిషికి అడ్డుపడే హక్కు ఉంటుంది, ‘నేను ఒప్పుకోను’ అని లేచి వెళ్ళిపోయే హక్కు కూడా ఉంటుంది. ఆ హక్కును గౌరవించిన సంభాషణలే ఈ సంప్రదాయంలో కాలానికి నిలిచాయి. దాన్ని తొక్కిపెట్టినవి గెలిచినట్టు కనిపించినా క్రైస్తవానికే చెడ్డపేరు తెచ్చాయి. ఇరవై శతాబ్దాల చరిత్రలో ఈ సంగతి పదేపదే రుజువైంది.

తొలి నమూనాలు

కొత్త నిబంధనలోని రెండు చోట్లను ఈ పనికి పునాదిగా చూపుతారు. మొదటిది పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం. తమ నిరీక్షణకు కారణమేమిటని ఎవరడిగినా జవాబు చెప్పడానికి విశ్వాసులు సిద్ధంగా ఉండాలనీ, ఆ జవాబు సాత్వికంతో చెప్పాలనీ అక్కడ ఉంది. ఎదుటివాడు అడగడం ముందు, జవాబు తరవాత. ఈ వరసను చాలామంది గమనించరు. అడగని ప్రశ్నలకు జవాబులు గుప్పించడం ఈ వచనం చెప్పిన పని కాదు.

రెండోది అపొస్తలుల కార్యముల పదిహేడో అధ్యాయం. ఏథెన్సులో పౌలు రోజూ సంతవీధిలో కనబడినవారితో మాట్లాడాడు. ఎపికూరీయులూ స్తోయికులూ అనే తత్వవాదులు ఆయన్ని అరేయొపగుకు తీసుకువెళ్ళారు. అక్కడ ఆయన యూదు ప్రవక్తల ప్రస్తావన ఎత్తలేదు. వినేవారికి ఆ గ్రంథాలు ప్రమాణం కావు మరి. ఆ ఊళ్ళోనే తాను చూసిన, తెలియని దేవుడికి కట్టిన బలిపీఠంతో మాట మొదలుపెట్టాడు. గ్రీకు కవుల మాటలనే ఆధారంగా చూపాడు. మృతుల పునరుత్థానం మాట వచ్చేసరికి కొందరు ఎగతాళి చేశారు, కొందరు మరోసారి వింటామన్నారు, కొద్దిమంది నమ్మారు. ఆ కొద్దిమందిలో దియొనూసి, దమరి అనే ఇద్దరి పేర్లు మాత్రమే దక్కాయి. ఎగతాళిని కూడా దాచకుండా రాయడం ఆ గ్రంథకర్త నిజాయితీకి గుర్తు.

రెండో శతాబ్దంలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత ఈ పనిని రాతలోకి తెచ్చాడు. తత్వవేత్తల ఉడుపు వేసుకుని తిరుగుతూ, ట్రైఫో అనే యూదు పండితుడితో రెండు రోజులపాటు సాగిన చర్చను సంభాషణ రూపంలో గ్రంథం చేశాడు. ఇందులో జస్టిన్ గంటలకొద్దీ మాట్లాడతాడు, ట్రైఫోకు దక్కేవి చిన్న చిన్న మాటలు. అది గ్రంథంలో లోపమే. అయినా చివరికి ట్రైఫో మతం మారడు. ఇద్దరూ ఒకరి మేలు ఒకరు కోరుకుని విడిపోతారు. తాను ఓడించని ప్రత్యర్థిని ఓడించినట్టు రాసుకోవడం జస్టిన్‌కు కష్టమయ్యే పని కాదు. రాయలేదు.

మూడో శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఒరిజెన్ ఇంకో అడుగు వేశాడు. సుమారు 178లో సెల్సస్ అనే గ్రీకు మేధావి క్రైస్తవంపై తీవ్రమైన విమర్శ గ్రంథం రాశాడు. డెబ్బై ఏళ్ళ తరవాత, 248 ప్రాంతంలో, ఒరిజెన్ ఎనిమిది సంపుటాల్లో జవాబు చెప్పాడు. విమర్శకుడి వాక్యాలను ఒక్కొక్కటిగా ఉటంకించి, ఆ వెంటనే తన జవాబు పెట్టాడు. సెల్సస్ మూలగ్రంథం కాలగర్భంలో కలిసిపోయింది. ఈనాడు మనం దాన్ని చాలావరకు చదవగలుగుతున్నామంటే ఒరిజెన్ పుణ్యమే. ప్రత్యర్థి మాటను ప్రత్యర్థి మాటగానే వినిపించడం ఈ విద్యలో మొదటి మెట్టు. ఎదుటివాడి వాదాన్ని బలహీనంగా చెప్పి కొట్టిపారేయడం ఎంత తేలికో, అంత వ్యర్థం.

అగస్టీన్ చేసిన ఒక హెచ్చరిక ఇక్కడ చెప్పుకోవాలి. ఆదికాండంపై రాసిన వ్యాఖ్యానంలో, నక్షత్రాల గురించీ భూమి గురించీ తెలిసీ తెలియని మాటలు బైబిలు పేరుతో చెప్పే క్రైస్తవుల్ని ఆయన గట్టిగా మందలించాడు. తనకు బాగా తెలిసిన విషయంలో క్రైస్తవుడు తప్పు చెబుతుంటే విన్న అవిశ్వాసి, పునరుత్థానం గురించి ఆ క్రైస్తవుడే చెప్పే మాట ఎందుకు నమ్ముతాడన్నది ఆయన ప్రశ్న. పదహారు వందల ఏళ్ళు గడిచినా ఆ మందలింపు అవసరం తీరలేదు.

బాగ్దాదు కొలువు, మయోర్కా తోట

సుమారు 781లో బాగ్దాదులో తూర్పు సంఘపు పాట్రియార్క్ మొదటి తిమోతి, అబ్బాసీ ఖలీఫా అల్ మహదీ ముందు రెండు రోజులు కూర్చుని ప్రశ్నలకు జవాబు చెప్పాడు. అధికారం పూర్తిగా ఎదుటి పక్షాన ఉంది. మహమ్మదు గురించి నీ అభిప్రాయమేమిటని ఖలీఫా అడిగాడు. ఏ సమర్థకుడికైనా ఇంతకంటే ఇరకాటపు ప్రశ్న ఉండదు. ఆయన ప్రవక్తల మార్గంలో నడిచాడు, ప్రజల్ని విగ్రహాలనుంచి మళ్ళించి ఒకే దేవుడి వైపు తిప్పాడు అని తిమోతి చెప్పాడు. ప్రవక్త అని మాత్రం అనలేదు. తాను నిజంగా ఒప్పుకోగలిగినంతా ఒప్పుకున్నాడు, ఒప్పుకోలేనిదాన్ని ఒప్పుకున్నట్టు నటించలేదు. మర్యాదా సత్యమూ ఒకే వాక్యంలో ఇమిడిన జవాబు అది.

పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ ఒక సూత్రాన్ని స్పష్టంగా పెట్టాడు. యూదులతో పాత నిబంధన ఆధారంగా, భిన్నమతం పట్టిన క్రైస్తవులతో కొత్త నిబంధన ఆధారంగా వాదించవచ్చు. ఏ గ్రంథాన్నీ ఒప్పుకోనివారితో అందరికీ ఉమ్మడిగా ఉన్న బుద్ధిని ఆశ్రయించాలి. ఆయన మహాగ్రంథంలో ప్రతి అంశమూ అభ్యంతరాలతోనే మొదలవుతుంది, ఆయన సొంత మాట తరవాత వస్తుంది. మన శాస్త్రగ్రంథాల్లో పూర్వపక్షం చెప్పి సిద్ధాంతం చెప్పే పద్ధతి ఎరిగిన తెలుగు పాఠకుడికి ఇది కొత్తగా తోచదు.

మయోర్కా ద్వీపానికి చెందిన రమోన్ ల్యుల్ 1270ల్లో రాసిన కథ ఈ సాహిత్యంలో చాలా అందమైనది. దేవుణ్ణి ఎరగని ఒక మనిషి మరణభయంతో అడవిలో తిరుగుతుంటాడు. యూదు, క్రైస్తవ, ముస్లిం జ్ఞానులు ముగ్గురు అతనికి తమ తమ విశ్వాసాలు వివరిస్తారు. ఒకరు చెబుతుండగా మరొకరు అడ్డురారు. ప్రశ్నించే హక్కు ఆ అన్యుడిదే. అంతా విని, ఏది ఎంచుకున్నాడో అతను చెప్పబోతుంటే ముగ్గురూ వినకుండానే సెలవు తీసుకుంటారు. దారిలో, మాటల్లో నొప్పించి ఉంటే క్షమించమని ఒకరినొకరు అడుగుతారు.

అదే శతాబ్దంలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఘట్టాలూ ఉన్నాయి. 1240లో పారిస్‌లో యూదుల ధర్మగ్రంథం తల్ముదు మీద ‘చర్చ’ జరిపి, రెండేళ్ళకు ఆ గ్రంథప్రతుల్ని బండ్లకొద్దీ తగలబెట్టారు. 1263లో బార్సిలోనాలో రాజు సమక్షంలో రబ్బీ నాహ్మానిదెస్‌ను బలవంతంగా వాదానికి దింపారు. ఆయన ధైర్యంగా జవాబు చెప్పి, ఆ వాదాన్ని గ్రంథస్థం చేసినందుకు చివరికి దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. తప్పించుకునే వీలులేని మనిషితో జరిపేది సంభాషణ కాదు. క్రైస్తవ సమర్థకులు తమ పూర్వుల గురించి మాట్లాడేటప్పుడు ఈ పుటలు దాటవేయకూడదు. ఎదుటివారు ఎలాగూ తిప్పి చూపిస్తారు.

భారతదేశంలో

ఈ విద్య భారతదేశంలో చాలా పాఠాలు నేర్చుకుంది. అందులో ఎక్కువ భాగం ఓటముల ద్వారానే.

1706లో తరంగంబాడి చేరిన జర్మన్ మిషనరీ జీగెన్‌బాల్గ్ తమిళులతో సంభాషణలు జరిపి, వారి ప్రశ్నల్నీ జవాబుల్నీ రాసుకున్నాడు. వారి దేవతల గురించి 1713లో ఒక గ్రంథం పూర్తిచేస్తే, యూరప్‌లోని పెద్దలు దాన్ని అచ్చువేయడానికి ఇష్టపడలేదు. అది వెలుగు చూసింది 1867లో. ఎదుటివారి నమ్మకాన్ని లోతుగా చదవడమే అనుమానాస్పదమైన పనిగా కనిపించిన కాలం అది.

రామమోహన్ రాయ్ 1820లో యేసు నీతిబోధల్ని మాత్రం ఏరి, అద్భుతాలూ సిద్ధాంతాలూ విడిచిపెట్టి ప్రచురించాడు. శ్రీరామపురం మిషనరీ మార్ష్‌మన్ తీవ్రంగా ఖండించాడు. రాయ్ హీబ్రూ, గ్రీకు మూలాలు చూపుతూ వరసగా మూడు జవాబులు రాశాడు. ఇంతలో మరో విశేషం జరిగింది. రాయ్‌తో కలిసి సువార్తల్ని బెంగాలీలోకి అనువదిస్తున్న బాప్టిస్టు మిషనరీ విలియం ఆడమ్, ఆ చర్చల్లో రాయ్ వాదానికే ఒప్పుకుని 1821లో త్రిత్వ సిద్ధాంతాన్ని వదిలేశాడు. ఒప్పించడానికి కూర్చున్నవాడే ఒప్పుకుని లేచాడు. నిజమైన సంభాషణలో ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అది లేకుండా చేసుకోవాలంటే సంభాషణ మానుకోవడమే మార్గం.

దీనికి ఎదురు ఉదాహరణ కాశీలో కనిపిస్తుంది. జాన్ మ్యూర్ 1839లో సంస్కృతంలో క్రైస్తవ పక్షాన మతపరీక్ష రాశాడు. మరాఠీ బ్రాహ్మణ పండితుడు నీలకంఠ గోరే దాన్ని ఖండిస్తూ శాస్త్రతత్త్వవినిర్ణయం రాశాడు. ఖండించడానికి చదివిన చదువే ఆయన్ని మరో దారి పట్టించింది. 1848లో బాప్తిస్మం తీసుకుని నెహెమ్యా గోరే అయ్యాడు. తరవాత షడ్దర్శనాలపై తానే విమర్శ గ్రంథం రాశాడు. పండితా రమాబాయి ఆలోచనపై ఆయన ప్రభావం ఉంది.

1854 ఏప్రిల్ 10, 11 తేదీల్లో ఆగ్రాలో జరిగిన బహిరంగ వాదం సమర్థకులందరూ చదవవలసిన పాఠం. జర్మన్ మిషనరీ ఫాండర్ ఇస్లాంపై ఆరితేరిన వాదిగా పేరుపొందాడు. ఎదుట మౌలానా రహమతుల్లా కైరానవీ, డాక్టర్ వజీర్ ఖాన్ నిలిచారు. బైబిలు మారిందా లేదా అన్నది మొదటి అంశం. యూరప్‌లో అప్పుడప్పుడే పుట్టుకొస్తున్న బైబిలు విమర్శ గ్రంథాలను వారిద్దరూ సంపాదించి చదివి వచ్చారు. ఫాండర్ ఆ సాహిత్యాన్ని అంతగా లెక్కచేయలేదు. ప్రతుల మధ్య తేడాలున్నాయని సభలో ఒప్పుకోక తప్పలేదు. రెండు రోజులకే వాదం ఆగిపోయింది. తేడాలున్న మాట దాచవలసిందేమీ కాదు. ముందే తానే చెప్పి ఉంటే అది జ్ఞానంగా ఉండేది, ప్రత్యర్థి చెప్పించడం వల్ల అది ఓటమి అయింది.

ఇరవయ్యో శతాబ్దంలో అమెరికన్ మెథడిస్టు మిషనరీ ఇ. స్టాన్లీ జోన్స్ వాదాన్నే పక్కన పెట్టాడు. పాశ్చాత్య నాగరికతను సమర్థించే బాధ్యత తనది కాదనీ, క్రీస్తు గురించి మాత్రమే మాట్లాడతాననీ తేల్చుకున్నాడు. హిందువులు, ముస్లిములు, సంశయవాదులు, క్రైస్తవులు కొద్దిమంది గుండ్రంగా కూర్చుని, తమ నమ్మకం తమ జీవితంలో ఏం చేసిందో చెప్పుకునే సమావేశాలు నడిపాడు. వాదించకూడదు, బోధించకూడదు అన్నది నియమం. ఆ అనుభవాన్ని 1928లో పుస్తకంగా తెచ్చాడు. సంఘాల్లో చెప్పే సాక్ష్యానికి ఇది దగ్గరి చుట్టమే. ఇక్కడ మాత్రం వినేవారి సాక్ష్యమూ వినాలి.

తెలుగునేల ప్రశ్నలు

తెలుగునాట క్రైస్తవానికి ఎదురైన అసలు ప్రశ్నలు దేవుడి ఉనికి గురించినవి కావు. తిండికోసం మారారనేది ఒకటి, కులం పోయిందా అనేది మరొకటి. మొదటిదానికి ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ చేతలతో జవాబు చెప్పాడు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగం తవ్వే పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. అదే కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. గంజికోసం వచ్చారన్న మాట రాకూడదన్నది కారణం. కరువు సాయం ముగిశాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బాప్తిస్మాలు ఆపిన సంగతి చెప్పకుండా ఈ అంకెను మాత్రమే గొప్పగా చెప్పేవారు కథలో బలమైన భాగాన్ని వదిలేస్తున్నారు.

రెండో ప్రశ్నకు అంత మంచి జవాబు దొరకలేదు. విజయవాడ నాస్తిక కేంద్రాన్ని నడిపిన గోరా నాస్తికత్వం, సహపంక్తి భోజనాల్లోనూ అంటరానితనంపై పోరాటంలోనూ కనిపించింది. ఆయన కుమారుడు లవణం కులం చూడకుండా, మహాకవి గుర్రం జాషువా కుమార్తె హేమలతను పెళ్ళాడాడు. ఇలాంటి నాస్తికుడి ముందు కూర్చున్న క్రైస్తవుడు విశ్వసృష్టి గురించిన తర్కం విప్పితే లాభం లేదు. మీ సంఘంలో కులం చూసి సంబంధాలు కలుపుకుంటారా అని ఆయన అడుగుతాడు. చూస్తామన్నదే నిజమైతే, ఆ నిజం ఒప్పుకోవడంతోనే జవాబు మొదలవ్వాలి.

అడిగి తెలుసుకునే పద్ధతి

ఆధునిక సమర్థనలో బాగా ప్రచారం పొందినది ప్రశ్నలతో నడిపే పద్ధతి. దీని మూలం సోక్రటీసు. సువార్తల్లో యేసు కూడా చాలా ప్రశ్నలకు ఎదురు ప్రశ్నతోనే జవాబిచ్చాడు. అమెరికన్ రచయిత గ్రెగ్ కౌకల్ 2009లో వెలువరించిన గ్రంథంలో దీన్ని సామాన్యులకు అందేలా చెప్పాడు. ఆ మాట మీరు ఏ అర్థంలో అంటున్నారు అని ముందు అడగాలి. ఆ నిర్ణయానికి ఎలా వచ్చారు అని తరవాత అడగాలి. మతాలన్నీ ఒకటే అన్న మాటకు నీతి ఒకటే అన్న అర్థం ఉండొచ్చు, గమ్యం ఒకటే అనీ ఉండొచ్చు, మతం పేరుతో కొట్టుకోవద్దు అన్న ఆవేదన కూడా కావచ్చు. మూడింటికీ మూడు జవాబులు కావాలి. మూడోదానికైతే ఖండన అవసరమే లేదు, ఒప్పుకుంటే చాలు.

ఈ పద్ధతిలో ఒక మోసపు దారి ఉంది. ప్రశ్నను ఉచ్చుగా వాడి, ఎదుటివాడి నోటితోనే అతని మాట తప్పనిపించి సంతోషపడటం. తెలుసుకోవాలని అడిగిన ప్రశ్నకూ ఇరికించాలని అడిగిన ప్రశ్నకూ తేడా ఎదుటి మనిషికి ఇట్టే తెలిసిపోతుంది. పైగా ఇది ఒక పక్షం సొత్తు కాదు. అమెరికన్ తత్వశాస్త్ర అధ్యాపకుడు పీటర్ బొఘోసియన్ 2013లో నాస్తికుల కోసం దాదాపు ఇదే పద్ధతిని గ్రంథస్థం చేశాడు. విశ్వాసి నమ్మకంలోని పగుళ్ళను అతని చేతే కనిపెట్టించడం దాని ఉద్దేశం. ఇద్దరూ ఇదే నేర్చుకుని కూర్చున్నప్పుడు చివరికి ఎవరో ఒకరు సూటిగా తన మాట చెప్పాల్సిందే.

పాస్కల్ పదిహేడో శతాబ్దంలోనే ఇంతకంటే లోతైన మాట చెప్పాడు. ఎదుటివాడు విషయాన్ని ఏ వైపునుంచి చూస్తున్నాడో గమనించు, ఆ వైపునుంచి అతనికి కనిపించేది నిజమేనని ఒప్పుకో, అతనికి కనిపించని వైపు ఆ తరవాత చూపించు అన్నది దాని సారాంశం. మనుషులు తమంతట తాము కనుక్కున్న కారణాలకే లొంగుతారని కూడా ఆయన గమనించాడు.

ఇంగ్లిషు రచయిత సి.ఎస్. లూయిస్ జీవితంలో ఇది కళ్ళకు కడుతుంది. 1931 సెప్టెంబరు 19 రాత్రి ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన టోల్కీన్, హ్యూగో డైసన్‌లతో తెల్లవారుజాము దాకా మాట్లాడాడు. ఆయనకు పురాణగాథలంటే ప్రాణం. మిత్రులిద్దరూ ఆ ఇష్టాన్నే ఆధారం చేసుకుని క్రీస్తు కథ గురించి మాట్లాడారు. కొద్దిరోజుల్లో లూయిస్ విశ్వాసి అయ్యాడు. తరవాత ఆయన అధ్యక్షుడిగా ఉన్న సోక్రటిక్ క్లబ్బులో నాస్తికులూ విశ్వాసులూ ముఖాముఖి వాదించుకునేవారు. 1948 ఫిబ్రవరిలో అక్కడే తత్వవేత్త ఎలిజబెత్ ఆన్‌స్కోంబ్, ఆమె స్వయంగా క్యాథలిక్కు, ఆయన పుస్తకంలోని ఒక వాదాన్ని తప్పుపట్టింది. లూయిస్ ఆ అధ్యాయాన్ని 1960 ముద్రణలో తిరగరాశాడు. పండితుల పరిభాషను వీధిలో మనిషి మాటలోకి దింపలేని బోధకుడికి ఆ విషయం అర్థం కానట్టేనని ఆయన అభిప్రాయం.

ఫ్రాన్సిస్ షేఫర్ 1955లో స్విట్జర్లాండులో తన ఇంటినే సందేహాలున్న యువకులకు తెరిచాడు. భోజనం బల్ల దగ్గర చర్చలు నడిచేవి. లండన్‌లో పుట్టి దేశదేశాలకు పాకిన ఆల్ఫా కోర్సు కూడా భోజనంతోనే మొదలై, ఏ ప్రశ్నయినా అడగనిచ్చే చిన్న గుంపులతో సాగుతుంది.

బాధ అన్న ప్రశ్న

అన్ని ప్రశ్నల్లోకీ కష్టమైనది ఇదే. దేవుడు మంచివాడూ శక్తిమంతుడూ అయితే ఈ బాధలెందుకు? అలాంటి దేవుడూ ఈ బాధలూ తర్కరీత్యా పొసగవని తత్వవేత్త జె.ఎల్. మాకీ 1955లో వాదించాడు. క్రైస్తవ తత్వవేత్త ఆల్విన్ ప్లాంటింగా 1974లో ఇచ్చిన జవాబులో ఒక మంచి విభజన ఉంది. దేవుడు బాధను ఎందుకు అనుమతించాడో చెప్పడం ఒక పని, బాధ ఉన్నంత మాత్రాన దేవుడు లేడని తేలదని చూపడం మరో పని. రెండోది మాత్రమే తాను చేస్తానన్నాడు. మానవ స్వేచ్ఛ ఆధారంగా చేశాడు కూడా. దానితో చర్చ ముగియలేదు. ఇంత బాధ, ఇంత నిష్ప్రయోజనంగా కనిపించే బాధ, దేవుడు లేడనడానికి సాక్ష్యం కాదా అని విలియం రో 1979లో ప్రశ్నను మార్చి అడిగాడు. ఇది ఇంకా తెగలేదు.

ఈ వాదాలన్నీ తరగతి గదిలో అడిగినవారికి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి అడిగినప్పుడు ఇవి పనికిరావు, వాడకూడదు కూడా. యోబు స్నేహితులు ఏడు పగళ్ళు ఏడు రాత్రులు మౌనంగా అతని పక్కన కూర్చున్నారు. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే తప్పు చేశారు. ఆ గ్రంథం చివర దేవుడు కోపించింది ప్రశ్నించిన యోబు మీద కన్నా, దేవుణ్ణి సమర్థించబోయిన ఆ స్నేహితుల మీదే ఎక్కువ. విశ్వాస సమర్థన చేసేవారికి బైబిల్లో ఇంతకు మించిన హెచ్చరిక లేదు.

లోపలి అభ్యంతరాలు

ఈ పనిని క్రైస్తవులందరూ మెచ్చుకోరు. ఇరవయ్యో శతాబ్దపు స్విస్ వేదాంతి కార్ల్ బార్త్ దృష్టిలో దేవుడి మాటకు మనిషి తర్కం ఊతమివ్వనక్కరలేదు. కార్నీలియస్ వాన్ టిల్ మరో కోణంనుంచి, విశ్వాసికీ అవిశ్వాసికీ తటస్థమైన ఉమ్మడి నేల లేదన్నాడు. అలాంటప్పుడు ఎదుటివాడి మూలభావనలనే పరిశీలించాలన్నది ఆయన మార్గం. చారిత్రక ఆధారాలతో మొదలుపెట్టేవారు దీన్ని ఒప్పుకోరు. గ్యారీ హాబర్‌మాస్ పునరుత్థానంపై నాస్తిక తత్వవేత్త ఆంటొనీ ఫ్లూతో వాదించాడు, ఏళ్ళతరబడి స్నేహమూ చేశాడు. ఫ్లూ 2004లో ఒక సృష్టికర్త ఉన్నాడని ఒప్పుకున్నాడు. క్రైస్తవుడు మాత్రం కాలేదు.

సమర్థకుడి జీవితం మాటేమిటి? చెన్నైలో పుట్టి ప్రపంచప్రసిద్ధుడైన రవి జకరయ్య 2020లో మరణించాక, ఆయన లైంగిక దుష్ప్రవర్తనను ధ్రువపరిచిన విచారణ నివేదికను ఆయన సంస్థే 2021 ఫిబ్రవరిలో బయటపెట్టింది. ఆయన ప్రసంగాలు విని నమ్మినవారు లోకమంతటా ఉన్నారు. ఒక వాదం ఒప్పో తప్పో చెప్పినవాడి నడవడితో తేలదన్నది తర్కం. బాధితుల ముందు ఆ తర్కాన్ని అడ్డం పెట్టుకోవడం ఎవరికీ తగదు.

తెలుగు సంఘాల్లో నేడు కావలసింది మరిన్ని బహిరంగ సవాళ్ళు కాదు. యూత్ మీటింగులో చేయెత్తి ‘నాకు నమ్మకం కుదరడం లేదు’ అన్న పిల్లవాణ్ణి కసరకుండా, అతని ప్రశ్నను చివరిదాకా వినే పెద్దలు కావాలి. పాస్టర్లు నెలకొక ఆదివారమైనా ప్రసంగం తగ్గించి ఆ ప్రశ్నలకు సమయం ఇవ్వాలి. జవాబు తెలియనప్పుడు తెలియదని చెప్పి, చదివి వచ్చే వారం చెప్పాలి.